ఎడమచేతి మనిషి

ఉమాకాంత్ ఇడ్లీ గురించి మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు.

"మీ అమ్మ నీకు వంట నేర్పలేదంటే సరే, ఆవిడకీ రాదు కాబట్టి అనుకున్నాను. ఇన్నేళ్ళలో నీ అంతట నువ్వైనా..." అన్నంతవరకు వచ్చి, నోరు తెరిచి ఉండగానే మాట తెగింది. హాలు మూలన బల్ల కింద ఉన్న డెస్క్‌టాప్‌లో ఫ్యాన్ల హోరు కూడా ఆ క్షణంలోనే ఆగింది. అతని కుడిచేతిలోంచి చెంచా జారి పళ్ళెంలో పడింది.

ఇందుమతి సాంబారు గిన్నె కింద పెట్టి భర్త ముఖంలోకి చూసింది. లేచిందగ్గర్నుంచి ముడిపడి ఉన్న కనుబొమలు విడిపోయాయి. పెదవి కుడివైపు కొద్దిగా జారింది. కళ్ళు ఆమె మీద నిలిచాయి, కొత్త ఊళ్ళో బస్సు దిగిన పిల్లాడు తెలిసిన ముఖం కోసం చూసినట్టు. ఎడమచెయ్యి మెల్లిగా లేచి, బల్ల మీద తడుముకుంటూ వచ్చి, ఆమె మణికట్టు మీద వాలింది.

కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత చెయ్యి విడిపించుకుని వెళ్ళి కంప్యూటర్ బటన్ నొక్కింది. అది పూర్తిగా లేవడానికి డికాషన్ దిగేంత సేపు పడుతుంది. లేవగానే ఉమాకాంత్ ముఖం మళ్ళీ బిగుసుకుంది.

"మళ్ళీ పోయిందా?" అన్నాడు. "దాన్ని బాగుచెయ్యడం నీ వల్ల కాకపోతే చెప్పు. వీధి చివర మొబైళ్ళు రిపేరు చేసేవాణ్ణి పిలుస్తాను."

ఉమాకాంత్ మాట్లాడే ప్రతి మాటా ఆ డెస్క్‌టాప్‌లోనే తయారయ్యేది.

విశాఖపట్నంలో, భీమిలి రోడ్డు మీదున్న ఒక పరిశోధనశాలకి అతను అధిపతి. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకి మాట తిరిగి ఇవ్వాలని తన వయసులో మంచి భాగమంతా దానికే పెట్టాడు. మెదడులో దెబ్బతిన్న చోట సన్నటి రేకు ఒకటి అమర్చుతారు. లోపల కదిలే ఆలోచనని ఆ రేకు వైర్లు లేకుండా కంప్యూటర్‌కి పంపుతుంది. కంప్యూటర్ దానికి మాటలు వెతికి, వరసలో పేర్చి, తిరిగి రేకుకి అందిస్తుంది. నోరు పలుకుతుంది. చచ్చుబడ్డ కుడిచెయ్యినీ అదే కదిలిస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. పెద్ద ఆస్పత్రుల్లో తప్ప దొరకని యంత్రం కాకూడదని అతని పంతం. పలాసలోనైనా పాడేరులోనైనా కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఎవరైనా విప్పి చూడగలగాలని, మామూలు డెస్క్‌టాప్ కేబినెట్‌లోనే తన కార్డు ఒకటి అదనంగా బిగించి తయారుచేశాడు.

దాన్ని మొదటిసారి మనిషికి అమర్చవలసిన సంవత్సరమే అతనికి పక్షవాతం వచ్చింది. యాభై నిండలేదు. మొదటి రోగి తనే అయ్యాడు.

ఇందుమతి ఒకప్పుడు అతని శిష్యురాలు. తర్వాత భార్య అయింది, పని మాత్రం ఆ ల్యాబ్‌లోనే. అక్కడ "సర్" అనేది, ఇంటికి వస్తే "ఏమండీ" అనేది, రెండు చోట్లా తిట్లు ఒకేలా ఉండేవి. అతను ఎవరి మీదా చెయ్యి ఎత్తిన మనిషి కాదు. ఆ అవసరం లేదు. ఎదుటి మనిషికి ఎక్కడ తగులుతుందో చూసుకుని, సరిగ్గా అక్కడ ఒక్క మాట వేసేవాడు. వాళ్ళ కూతురు తన్మయికి నత్తి. ఆ పిల్ల ఏదైనా చెప్పబోయి మొదటి అక్షరం దగ్గర తట్టుకుంటే, తనూ అదే అక్షరం దగ్గర తట్టుకుంటూ జవాబిచ్చేవాడు. "వెక్కిరించడం కాదు, అద్దం చూపిస్తున్నాను" అనేవాడు. పదో తరగతికి వచ్చేసరికి తన్మయి ఇంట్లో ఎక్కువగా తల ఊపి జవాబు చెప్పడం అలవాటు చేసుకుంది.

పక్షవాతం వచ్చి, ఆపరేషన్ అయ్యేలోపు కొన్ని నెలలు అతను మాట లేకుండా ఉన్నాడు. అప్పుడు ఇంటి గాలే వేరు. మొదట్లో మాట రాక ఏడ్చాడు. తర్వాత ఏడుపు మానేశాడు. తన్మయి బడి నుంచి వచ్చి పక్కన కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపించేది. ఎక్కడైనా తట్టుకుంటే ఎడమచేత్తో ఆ పిల్ల మోకాలి మీద మెల్లిగా తట్టేవాడు. తొందరేం లేదన్నట్టు. రానురాను ఆ పిల్ల అతని ముందు తట్టుకోకుండా చదివింది.

ఆపరేషన్ కాగితాల మీద సంతకం చేసింది ఇందుమతి. కంప్యూటర్ ఆన్ చేసిన రోజు ల్యాబ్ అంతా చుట్టూ నిలబడింది. ఉమాకాంత్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఈ గడ్డం నాకెవరు పెంచారు? ముష్టివాడిలా ఉన్నాను." అందరూ చప్పట్లు కొట్టారు. ఇందుమతీ కొట్టింది. తన్మయి వెనక్కి జరిగి తలుపు దగ్గర నిలబడింది.

కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం ఆ తర్వాత కొద్ది రోజులకి మొదలైంది.

"ముందు ప్లగ్గు చూడు," అన్నాడు ఉమాకాంత్ చక్రాల కుర్చీలో వెనక్కి వాలి. "పిల్లలకి నేర్పే మొదటి పాఠం అది. నీకు అక్కణ్ణుంచి మొదలుపెట్టడమే మంచిది."

ఆమె పవర్ కేబుల్ మార్చింది. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టింది. పక్కగది సాకెట్‌కి మార్చింది. ల్యాబ్‌లో ఒక జూనియర్‌ని అతను ఫోన్లో కడిగేస్తుండగా మళ్ళీ ఆగింది. లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పోయిందేమోనని ల్యాబ్ నుంచి కొత్తది తెచ్చి బిగించింది. అయినా ఆగింది. వేడెక్కుతోందేమోనని కేబినెట్ వరండాలోకి తీసుకెళ్ళి బ్లోయర్‌తో దుమ్ము ఊదింది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది రాసింది. ఫ్యాన్లు చక్కగా తిరుగుతున్నాయి, వేడి హద్దులోనే ఉంది. అయినా ఆగింది. ర్యామ్ ముక్కలు ఊడదీసి, వాటి అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, ఒక్కొక్కటే పెట్టి చూసింది.

ఈ పనులన్నీ కంప్యూటర్ ఆపి చేసేవే కాబట్టి, ఆ సేపంతా ఉమాకాంత్‌కి మాట ఉండేది కాదు. కుర్చీలోంచి జారి వచ్చి ఆమె పక్కన నేల మీద చతికిలబడేవాడు. ఆమె విప్పిన స్క్రూలన్నీ ఎడమచేత్తో ఏరి డబ్బా మూతలో వేసి పట్టుకునేవాడు. ఆమె చెయ్యి చాచగానే ఒకటి తీసి అరచేతిలో పెట్టేవాడు. ఏ స్క్రూ ఎక్కడిదో అతనికి తెలిసినట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె ర్యామ్ తుడవడం అయిపోయాక కూడా కేబినెట్ మూయకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. తను ఎందుకు కూర్చుందో తనకే తెలిసి, లేచి బటన్ నొక్కింది.

ల్యాబ్‌లో మరో గొడవ. యంత్రాన్ని మిగతా రోగులకి అమర్చడానికి అనుమతి ఇచ్చే కమిటీ త్వరలో రాబోతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయే మనిషిని చూపిస్తే అనుమతి రాదు. ఆ సంగతి ఉమాకాంత్ కన్నా ఎక్కువగా తెలిసినవాడు పైడిరాజు. గజపతినగరం దగ్గర పల్లెలో తాపీపని చేసుకునేవాడు. భార్య సంతోషికి కాన్పులో పక్షవాతం వచ్చి మాట పోయింది. వారం వారం భార్యని, చంటిపిల్లని తీసుకుని ల్యాబ్ మెట్ల మీద వచ్చి కూర్చునేవాడు.

"మా ఆడదానికి ఎప్పుడు పెడతారండి మేడమ్ గారూ?" అని అడిగేవాడు. "పాప ఏడిస్తే ఊరుకోబెట్టనేకపోతంది. పేరెట్టి పిలవనేకపోతంది. నాను పనికెళ్తే ఇద్దరూ ఏడుసుకుంటా కూకుంటారు."

సంతోషి ఇందుమతి వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించేది. నవ్వు సగం ముఖంలోనే ఉండేది.

"త్వరలోనే పెడతాం," అనేది ఇందుమతి.

అసలు సంగతి పట్టుకున్నది తన్మయి. వంటింట్లో కూర తరుగుతున్న తల్లి దగ్గరికి వచ్చి, గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ అంది.

"అమ్మా, కం... కంప్యూటర్ ఎప్పుడంటే అప్పుడు ఆగట్లేదు. నాన్న పేపర్ చదివి వినిపిస్తే ఆగదు. క్రికెట్ గురించి మాట్లాడితే ఆగదు. ఎ... ఎవర్నైనా అనబోతేనే ఆగుతుంది."

ఇందుమతి కత్తిపీట మీద చెయ్యి ఆపింది. ఇడ్లీ రోజు గుర్తొచ్చింది. జూనియర్ ఫోను గుర్తొచ్చింది. ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి చూసుకుంది. పిల్ల చెప్పింది నిజమే.

కార్డు మీద ఒక చిన్న రిలే ఉంది. రోగికి మూర్ఛ వచ్చే సూచన కనిపిస్తే ప్రమాదం జరక్కుండా అది కరెంటుని అక్కడికక్కడే కోసేస్తుంది. ఎందుకు ఆగిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకునే వ్యవధి కూడా ఉండదు. ఆ ఏర్పాటు పెట్టింది ఉమాకాంతే. అతనికి మూర్ఛ లక్షణాలు లేవని ల్యాబ్‌లోని నరాల డాక్టరు ఫరీదా ముందే తేల్చింది కాబట్టి, ఇన్నాళ్ళూ ఆ రిలే వైపు ఎవరూ చూడలేదు.

ఇందుమతి కేబినెట్ పక్క మూత తీసి ఉంచింది. కార్డుకి ఇంకో చిన్న తెర కలిపి, మెదడు నుంచి వచ్చే అలలు అందులో కనబడేలా పెట్టింది. ఇక కావలసింది అతను ఎవరినైనా గాయపరచడం. దానికి ఎవరు సరిపోతారో ఆమెకి తెలుసు.

"నాన్న ముందు కూర్చుని ఏదైనా చదువు తన్మయీ," అంది.

పిల్ల తల్లి వైపు చూసింది. పుస్తకం తెచ్చుకుని తండ్రి ఎదురుగా కూర్చుంది. రెండో వాక్యంలోనే తట్టుకుంది.

ఉమాకాంత్ పేపరు దించాడు. పెదవి కొస నవ్వుకి సిద్ధమైంది. "ప... ప..." అని మొదలుపెట్టాడు. తెర మీద మెదడు కుడివైపుని చూపే గీతల్లో ఒక అల ఉప్పెనలా లేచింది. కేబినెట్‌లో టిక్కుమని చిన్న చప్పుడైంది. ఫ్యాన్లు ఆగాయి. ఎడమచెయ్యి ముందుకు వచ్చి తన్మయి మోకాలి మీద తట్టింది.

ఇందుమతి ఆ పిల్లని ఇంకోసారి చదవమంది. ఆ తర్వాత ఇంకోసారి. ప్రతిసారీ కుడివైపే అల లేచింది, ప్రతిసారీ మాట పూర్తికాకముందే లేచింది. ఆఖరిసారి మాత్రం ఒక్క మాట అలకన్నా ముందు బయటపడింది. "నీకు పెళ్ళిచూపులు జరిగితే పేరు చెప్పేసరికి పెళ్ళికొడుకు ఊరెళ్ళిపోతాడు." అప్పుడు టిక్కుమంది. తన్మయి పుస్తకం మూసి, "చాలా అమ్మా?" అంది. ఇందుమతి తెర మీంచి కళ్ళు తిప్పకుండానే తల ఊపింది.

మర్నాడు ఫరీదా ఇంటికి వచ్చింది. తెర మీద అలల్ని చాలాసేపు చూసింది.

"ఇది మూర్ఛ కాదు ఇందుమతి గారూ. మూర్ఛలా నటన. యంత్రం ఎడమ సగానికి కదా మాటలు ఇస్తోంది. స్వరంలో హెచ్చుతగ్గుల కోసమని ఒక తీగ కుడి సగానికి కూడా వేశాం. కుడి సగానికి మాటలు రావు, కానీ అది మొద్దు కాదు. చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది, ప్రేమిస్తుంది. ఎలాంటి అల లేపితే యంత్రం ఆగుతుందో అది కనిపెట్టింది. సర్ ఎవరినో అనబోతున్నారని దానికి ముందే తెలుస్తోంది. ఆపేస్తోంది."

"ఆయనకి తెలియకుండానా?"

"మాట్లాడే ఆయనకి తెలియదు."

నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టారు. కంప్యూటర్ ఆపి, దాన్ని ఆన్ చేసే స్విచ్చిని పొడవాటి వైరుతో ఉమాకాంత్ ముందుకు తెచ్చిపెట్టారు. శరీరంలో ఎడమ సగాన్ని ఏలేది మెదడు కుడి సగం కాబట్టి, అది జవాబు చెప్పగలిగేది ఎడమచేత్తోనే. ఆ చెయ్యి స్విచ్చిని మెల్లిగా దూరం జరిపింది. ఫరీదా మళ్ళీ దగ్గర పెట్టింది. మళ్ళీ జరిపింది. చివరికి ఇందుమతి తనే స్విచ్చి మీద వేలు పెట్టింది. ఎడమచెయ్యి ఆమె వేళ్ళని ఒక్కొక్కటే స్విచ్చి మీంచి విడదీసి, తన గుప్పిట్లో పెట్టుకుని, గుండెకి ఆనించుకుంది. ఆమె గుప్పిట విడిపించుకోబోతే మొదటిసారిగా బిగించి పట్టుకుంది.

ఫరీదా కిటికీ వైపు తిరిగి నిలబడింది. "ఆన్ చెయ్యాలి కదా," అంది.

"చెయ్యాలి," అంది ఇందుమతి. రెండో చేత్తో స్విచ్చి నొక్కింది.

విషయం అతనికి చెప్పేయాలని ఇందుమతే పట్టుబట్టింది. తనలోనే తన కూతుర్ని కాచుకునే మనిషి ఒకడున్నాడని తెలిస్తే, ఎంత ఉమాకాంత్ అయినా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడనుకుంది.

అతను అంతా విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ సాంకేతికమైనవే. తర్వాత నవ్వాడు.

"అంటే నా తలలో నాకు తెలియకుండా ఎవడో అద్దెకుంటున్నాడన్నమాట. ఖాళీ చేయించు."

"అద్దెకున్నవాడు కాదండీ. అదీ మీరే."

"నేనైతే నాకు తెలిసేది. కుడివైపు తీగ ఆపెయ్యి. స్వరం చప్పగా ఉంటుంది, అంతే కదా. ఉండనీ. కమిటీ వాళ్ళు పాట కచేరీకి రావడం లేదు."

"ఆ మనిషిని అడగకుండా..."

"ఎలా అడుగుతావు? అవునని అనలేనివాడు, కాదని అనలేనివాడు. వాడికి ఇష్టాయిష్టాలున్నాయని ఎవరు చెప్పారు, నీ చెయ్యి పట్టుకున్నాడనా?" ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే అతని మాట ఎక్కువ లోతుకి దిగేది. "నాకు తెలుసులే. ఇరవై ఏళ్ళు నాతో కాపురం చేసి, ఇప్పుడు నోరు లేని మొగుడు దొరికాడని సంబరపడుతున్నావు. కానీ వాడు నీకు పెట్టిన ఆశ వల్ల ఆ మెట్ల మీద కూర్చున్న సంతోషి జన్మంతా మూగగా ఉండిపోతుంది. పైడిరాజుకి నువ్వే చెప్పు. మా ఆయన చెయ్యి పట్టుకుంటున్నాడు, అందుకని మీ ఆవిడకి మాట ఇవ్వలేం అని."

ఆ క్షణంలో టిక్కుమంది. ఫ్యాన్లు ఆగాయి. ఎడమచెయ్యి గాలిలో ఆమె కోసం వెతికింది.

ఇందుమతి ఆ చేతికి అందలేదు. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, కేబినెట్ ముందు కూర్చుంది. కార్డుని తన ల్యాప్‌టాప్‌కి కలిపి, కుడివైపు నుంచి వచ్చే దేన్నీ వినవద్దని దానికి చెప్పింది. రిలేని ఎడమవైపు అలలకే కట్టుబడేలా మార్చింది. పట్టుమని పావుగంట పని కూడా కాదు. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. అతను కుర్చీలోంచి నేల మీదకి జారి, దేక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఏదో రిపేరు జరుగుతోందనుకున్నట్టుంది. స్క్రూల కోసం నేల మీద వెతుకుతున్నాడు. ఒకటి దొరికితే తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

ఆమె దాన్ని తీసుకుని, పక్క మూత బిగించి, బటన్ నొక్కింది.

ఆ తర్వాత కంప్యూటర్ ఆగలేదు.

అతని గొంతులో ఎత్తుపల్లాలు పోయాయి. రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే గొంతులా, కోపమూ వెటకారమూ అన్నీ ఒకే మట్టంలో వచ్చేవి. మాటలు మాత్రం పదును తగ్గలేదు. ఇన్నాళ్ళూ సగంలో తెగిపోయినవన్నీ ఇప్పుడు చివరిదాకా వినబడుతున్నాయి.

మొదటి రెండు మూడు రోజులు కుడి సగం తీగలోనే ప్రయత్నించింది. ఇందుమతి తెర మీద చూసేది. అల లేచేది, ఏమీ జరిగేది కాదు. మళ్ళీ లేచేది, ఇంకా పెద్దగా. తర్వాత తెర మీద అలలు లేవడం మానేసి, ఎడమచెయ్యి మొదలుపెట్టింది. కుర్చీ బల్ల పక్కగా వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్ బటన్ వైపు సాగేది. తన్మయితో మాట్లాడుతుంటే లేచి వచ్చి అతని నోటినే మూసేది. అరచేతి కిందనుంచి అతని మాట నలిగి నలిగి వచ్చేది.

"కట్టెయ్యి దీన్ని," అన్నాడు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన వెడల్పాటి బెల్టుతో ఎడమచేతిని కుర్చీ చేతికి కట్టడం ఇందుమతి దినచర్య అయింది. ఆ చెయ్యి మొదట్లో పెనుగులాడింది. ఆమె మోకాలు అడ్డం పెట్టి బిగించాల్సి వచ్చేది. ఒకసారి గోరు గీరుకుని ఆమె ముంజేతి మీద రక్తం వచ్చింది. "చూశావా నీ ప్రియుణ్ణి," అన్నాడు ఉమాకాంత్ ఎత్తూ పల్లమూ లేని ఆ గొంతుతో. కొన్నాళ్ళకి ఆ చెయ్యి పెనుగులాట మానేసింది.

కమిటీ ముందు అతను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడాడు. ఒక్క తడబాటు లేదు. ఎడమచెయ్యి ఎందుకు కట్టారని ఒకాయన అడిగితే, పక్షవాతం తర్వాత కొందరికి చెయ్యి మాట వినదని చెప్పాడు. ఫరీదా తల దించుకుంది. అనుమతి వచ్చింది. ఇందుమతి మార్చిన కార్డునే అన్ని యంత్రాల్లోనూ పెట్టాలని నిర్ణయమైంది.

సంతోషికి ఆన్ చేసిన రోజు పైడిరాజు గోడకి చేరబడి నిలబడ్డాడు. ఆ అమ్మాయి పాపని ఒళ్ళో పెట్టుకుని, "నా తల్లే, నా బంగారమే," అంది. స్వరం చప్పగానే ఉంది. పైడిరాజు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇందుమతి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆమె ఆపింది. పాపకి ఆ గొంతు కొత్త. తల్లి ముఖంలోకి బెదురుగా చూసి, ఆమె ఎడమచేతి వేలు గట్టిగా పట్టుకుంది. సంతోషి మాట్లాడుతూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం పాపని దగ్గరికి లాక్కుంటూ, ఆ పిల్ల చెవిని తన అరచేత్తో మూస్తోంది.

ఇందుమతి అది చూసింది. ఫరీదా కూడా చూసింది. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఇంట్లో తన్మయి నోరు పూర్తిగా మూతపడింది. ఏదైనా కావలసివస్తే తల్లికి చూపించేది. ఇంటర్ చదువు విజయవాడలో చదువుతానని, హాస్టల్లో ఉంటానని ఒక చీటీ రాసి పెట్టింది. ఉమాకాంత్ ఒప్పుకున్నాడు. "అక్కడ నత్తివాళ్ళకి వేరే బెంచీ ఉంటుందేమో కనుక్కో" అన్నాడు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక తన్మయి తల్లి దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళకి నోరు తెరిచింది.

"అమ్మా, వె... వెళ్ళేముందు ఒకసారి నాన్నని చూస్తాను."

ఏ నాన్ననో ఇందుమతికి అర్థమైంది. ఉమాకాంత్ కుర్చీలో ఎవరి గురించో ఏదో చెబుతున్నాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, బటన్ నొక్కి పట్టుకుంది. అతను ఆమె ఏం చేస్తోందో చూసి "ఇందూ" అన్నాడు. రెండో మాట రాలేదు.

ఆమె ఎడమచేతి బెల్టు విప్పింది. చర్మం కమిలి, మణికట్టు చుట్టూ నల్లటి కట్టు గుర్తు పడింది. చెయ్యి చాలాసేపు కుర్చీ మీదే ఉండిపోయింది, కట్టు విప్పారని తెలియనట్టు. తన్మయి ఎదురుగా నేల మీద కూర్చుని, సంచీలోంచి పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. రెండు మూడు పంక్తులయ్యాక ఎడమచెయ్యి కదిలింది. వచ్చి ఆ పిల్ల తల మీద వాలింది. జుట్టు నిమిరింది. తన్మయి చదువుతూనే ఉంది, ఎక్కడా తట్టుకోకుండా, కన్నీళ్ళు పుస్తకం మీద పడుతున్నా ఆపకుండా.

ఇందుమతి దగ్గరికి వెళ్ళింది. అతని నుదుటి మీద జుట్టు పడి ఉంది. దాన్ని పక్కకి సర్దబోయి చెయ్యి చాచింది.

ఎడమచెయ్యి చటుక్కున తన్మయి తల మీంచి లేచి, అతని ముఖానికి అడ్డం పడింది. దెబ్బ పడుతుందని తెలిసిన మనిషి కాచుకున్నట్టు మోచెయ్యి పైకెత్తి, ఒళ్ళంతా కుర్చీలోకి ముడుచుకున్నాడు.

"నేనేనండీ," అంది ఇందుమతి. యంత్రం ఆగి ఉన్నప్పుడు మాటల అర్థం అతనికి అందదని ఆమెకి తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు అడుగులు వెనక్కి జరిగి నిలబడింది. అతను మోచేతి కిందనుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడు ఈవిడ ఏం చేస్తుందోనని కనిపెట్టుకుని ఉన్నాడు, అంతే.

"ఇలాగే ఉంచెయ్యి అమ్మా," అంది తన్మయి. "నేను హాస్టల్‌కి వెళ్ళను. ఇక్కడే ఉండి నాన్నని చూసుకుంటాను. మనల్ని ఎవరూ అడగరు."

అలాగే అందామని ఇందుమతి నోరు తెరిచింది. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే లేచి ఆ చూపు ముందు తిరగాలి. అన్నం కలిపి పెట్టాలి, నీళ్ళు పొయ్యాలి, దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ మోచెయ్యి లేవడం చూడాలి. మాట్లాడే ఆ రెండో మనిషి చేత ఇరవై ఏళ్ళుగా మాటలు పడింది. ఎలా పడాలో తెలుసు. ఇది ఎలా పడాలో ఆమెకి తెలియదు.

కింద పడి ఉన్న బెల్టు తీసింది.

అది చూడగానే ఎడమచెయ్యి ముఖం మీంచి దిగింది. తనంతట తానే కుర్చీ చేతి మీదకి వెళ్ళి, మణికట్టు పైకి పెట్టి, కట్టించుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆమె కట్టింది. తన్మయి పుస్తకం సంచీలో పెట్టుకుని లేచింది.

బటన్ నొక్కాక అది లేచేదాకా ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు. ఫ్యాన్ల హోరు సర్దుకుంది. ఉమాకాంత్ కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"ఎవరు ఆపారు?"

"కరెంటు పోయిందండీ," అంది ఇందుమతి.

అతను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు, తర్వాత భార్య వైపు చూశాడు. అబద్ధమని తెలిసింది. నవ్వాడు, దాన్ని దాచుకుని తర్వాత వాడుకునే మనిషిలా. కూతురు వైపు తిరిగాడు.

"స... స... సంచీ స... సర్దుకున్నావా త... తన్మయీ?"

తన్మయి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఇందుమతి గేటు దాకా వెళ్ళాలనుకుని కుర్చీ పక్కనే నిలబడిపోయింది. అతను ఇంకా మాట్లాడుతున్నాడు. పిల్లని చెడగొట్టింది ఎవరో, ఆ పిల్ల అక్కడ ఎన్నాళ్ళుంటుందో, ఏ మాట దగ్గర అందరూ నవ్వుతారో, ఒకే మట్టంలో చెప్పుకుంటూ పోతున్నాడు. ఆటో సందు మలుపు తిరిగిన చప్పుడు వినబడింది. ఆ వాక్యాన్ని అతను చివరిదాకా పూర్తిచేశాడు.